సీ హాక్ పొట్ట మూసే ముందు

చిరంజీవి కన్నాకు తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాస్టిక్ మోడల్ కిట్ డబ్బా ఫొటో చూశాను. మొదటి జెట్ మోడల్‌కి మన నౌకాదళం నడిపిన సీ హాక్‌నే ఎంచుకున్నావంటే చాలా సంతోషమేసింది. పాకిస్తాన్‌తో యుద్ధంలో 1971 డిసెంబర్ 4న మన విమానవాహక నౌక విక్రాంత్ మీది నుంచి లేచి, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేసినవి ఈ విమానాలే. ఆ విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ తీరంలో మునిగింది కూడా దానికి ముందు రాత్రే. అందుకే దీన్ని తొందరపడి చెడగొట్టుకోకు.

ముందు ముక్కలున్న ఫ్రేములన్నీ గిన్నెలు తోమే సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టు. అచ్చుల నూనె మిగిలి ఉంటే రంగు పట్టదు. ముక్కని మొదలంటా కత్తిరించకుండా కాస్త మొన వదిలి, తర్వాత వాటర్ పేపర్‌తో అరగదియ్యి.

ఇక అసలు విషయం. దీనికి చక్రం ముక్కు కింద ఒకటి, రెక్కల కింద రెండు. మోడల్‌లో తోక బరువెక్కువై వెనక్కి కూలబడిపోతుంది. నా మొదటి సీ హాక్ అలాగే కూర్చుంది. రెండోదానికి బరువు కోసం ముక్కులో సీసం వేశాను గానీ, చేతికందిన తెల్ల ఫెవికాల్‌తో అతికించాను. రెండేళ్ళకి ఒకరోజు తుడుస్తుంటే ముక్కు కింద అతుకు గోరు పట్టేంత విచ్చుకుని ఉంది. లోపల చూస్తే సీసం తెల్లటి పొడిలా పొంగి, ప్లాస్టిక్‌ని తోసేసింది. ఆ తెల్ల జిగురుకీ సీసానికీ పడదు. రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ పెట్టు. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం మర్చిపోకు.

బరువు ఎంత వెయ్యాలో లెక్కలతో తేలదు. ఒళ్ళు రెండు సగాలూ, రెక్కలూ, తోకా జిగురు లేకుండా టేపుతో కట్టు. రెక్కల కింద చక్రాలు వచ్చే చోట అడ్డంగా పెన్సిల్ పెట్టి దాని మీద నిలబెట్టు. ముక్కు తనంతట తాను కిందికి వాలేదాకా బరువు పెడుతూ పో. రంగూ, లప్పం కూడా బరువే కాబట్టి ఇంకొంచెం ఎక్కువే వెయ్యి. కాక్‌పిట్ వెనక చోటు ఎక్కువ ఉంటుంది గానీ అక్కడ వేసిన బరువు అంత పనిచెయ్యదు. వీలైనంత ముందుకే నొక్కు.

పొట్ట మూయక ముందే చెయ్యాల్సింది ఇంకొకటుంది. సీ హాక్‌కి ఇంజిన్ ఒకటే, రోల్స్ రాయిస్ నీన్. కానీ మంట గొట్టం లోపలే రెండుగా చీలి, రెక్కల మొదట్లో వెనకవైపు చెరోపక్కా బయటికొస్తుంది. దానివల్లే తోకవైపు ఇంధనం ట్యాంకుకి చోటు దొరికింది. ఈ విమానం అందమంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. గాలి పీల్చే నోళ్ళూ, ఈ గొట్టాలూ అతికించాక బ్రష్ లోపలికి పోదు. రంగు ముందే వేసెయ్యి. గొట్టం లోపల అతుకు గీత కనపడకుండా అప్పుడే సాపు చెయ్యి.

మూశాక అతుకుల మీద లప్పం రాసి, నాలుగు వందల నంబరు, తర్వాత వెయ్యి నంబరు పేపరుతో తడిపి రుద్దు. బూడిదరంగు ప్రైమర్ కొడితే కంటికి కనపడని గీతలన్నీ బయటపడతాయి. విసుగొచ్చినా మళ్ళీ రుద్దాల్సిందే.

రంగు విషయానికొస్తే, కింద లేత ఆకుపచ్చ కలిసిన 'స్కై' అనే రంగు ముందు, అది పూర్తిగా ఆరాక మాస్కింగ్ టేప్ వేసి పైన ముదురు బూడిద. ముసురు పట్టిన రోజు స్ప్రే చెయ్యకు. లాకర్ రంగులు తేమకి పాలిపోయి తెల్లమచ్చలు కడతాయి. డెకాల్స్‌కి, అంటే నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తులకి, ముందు మెరిసే క్లియర్ పూత తప్పదు. మన గుర్తుకి బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. గరుకు మీద అంటిస్తే చుట్టూ గాలి చేరి వెండిలా మెరుస్తుంది, ఆ మూడు రంగులూ వెలవెలబోతాయి.

ఇక్కడ హార్బర్ దగ్గర వలలకి కట్టే సీసం గుండ్లు దొరుకుతాయి, ఈ వారమే కొని పంపుతాను. అవి వచ్చేదాకా పొట్ట మూయకు. టేపుతో కట్టి పెన్సిల్ మీద నిలబెట్టి, పక్కనుంచి ఒక ఫొటో పంపు.

తాతయ్య