స్టీల్‌హెడా, రెయిన్‌బోనా? మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి సుధీర్‌కు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన చేప ఫొటో చూశాను. ఒళ్లంతా వెండి, పక్కన లేత గులాబీ చార, వెనక నీ నవ్వు. "ఇది స్టీల్‌హెడా, హ్యాచరీ రెయిన్‌బోనా, చెప్పు మామయ్యా" అని అడిగావు. హ్యాచరీ అంటే చేపపిల్లలను పొదిగించి పెంచే కేంద్రం, అంతవరకు సరే. ఎక్కడ పట్టావో మాత్రం రాయలేదు. అది తెలియకుండా జవాబు చెప్పడం నా వల్ల కాదు. చేపల మీద డాక్టరేటు చేసినవాడు కూడా ఫొటో చూసి ఒట్టేసి చెప్పలేడు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఈ సీజన్‌లో నదికి వెళ్లే ముందే చదువు.

ముందుగా ఒక మాట మనసులో పెట్టుకో. ఇవి రెండు జాతులు కావు. రెండింటికీ శాస్త్రీయ నామం ఒకటే, ఆంకోరింకస్ మైకిస్. ఏటి గులకరాళ్లలో పొదిగిన పిల్లల్లో కొన్ని ఒకటి నుంచి మూడేళ్లు మంచినీటిలో పెరిగి సముద్రానికి పోతాయి. అక్కడ మరో ఒకటి నుంచి మూడేళ్లు తిని బలిసి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికి తిరిగివస్తాయి. వాటిని స్టీల్‌హెడ్ అంటారు. కదలకుండా ఏటిలోనే బతికేవి రెయిన్‌బో ట్రౌట్. గోదావరి ఒడ్డున పెరిగిన నాకు, మీ అమ్మకు ఇది వింతగా తోచదు. సముద్రంలో విలసగా ఉన్నదే వరద నీటికి ఎదురీది వచ్చి పులస అవుతుంది కదా. అయితే ఆ పోలిక సగం దూరమే నడుస్తుంది. ఇక్కడ ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చిన రెండు పిల్లల్లో ఒకటి సముద్రం దారి పడుతుంది, రెండోది ఏటిలోనే స్థిరపడుతుంది. సముద్రానికి పోయేవాటిలో ఆడవే ఎక్కువ. ఒళ్లు పెద్దదైతే గుడ్లు ఎక్కువ పెట్టగలవు కాబట్టి వాటికి ఆ ప్రయాణం గిట్టుబాటు అవుతుంది.

ఈ రెండింటి మధ్య గీత ఎంత పలచనో ఎల్వా నది చెబుతుంది. మీ వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ ద్వీపకల్పంలో ఆ నది మీద 1913లో ఒక ఆనకట్ట, 1927లో మరొకటి వచ్చాయి. చేపలు ఎక్కిపోవడానికి దారి వదలలేదు. పైన చిక్కుకున్న స్టీల్‌హెడ్ సంతతి దాదాపు వందేళ్లు మామూలు రెయిన్‌బోలుగానే బతికింది. 2011లో మొదలుపెట్టి 2014కల్లా రెండు ఆనకట్టలనూ తొలగించారు. ఇప్పుడు ఆ రెయిన్‌బోల వారసులు సముద్రానికి వెళ్లి స్టీల్‌హెడ్‌గా తిరిగి వస్తున్నట్టు జన్యు పరీక్షల్లో తేలింది. ఇన్ని తరాల తర్వాత కూడా చేప తన దారి మరచిపోలేదు. అలాంటిదాన్ని నువ్వు ఒడ్డున నిలబడి, చారల రంగు చూసి తేల్చేద్దామంటే ఎలా?

కాబట్టి చేపను చూసే ముందు నీళ్లను చూడు. నువ్వు నిలబడ్డ చోటికి సముద్రం నుంచి చేప రాగలదా? ఇదే మొదటి ప్రశ్న. మీ ఇంటికి దగ్గరలోనే స్నోక్వాల్మీ జలపాతం ఉంది, 268 అడుగుల ఎత్తు. దాన్ని ఎక్కగల చేప పుట్టలేదు. జలపాతానికి పైన ఎంత మెరిసేది పడినా అది స్టీల్‌హెడ్ కాదు. కిందికి దిగితే, టోకుల్ క్రీక్ వచ్చి కలిసే చోటు మొదలుకొని, లెక్క పూర్తిగా మారిపోతుంది. అక్కడ ప్రతి రెయిన్‌బోనూ అనుమానంతో చూడాలి. పైన్ లేక్, బీవర్ లేక్ వంటి చిన్న సరస్సుల్లో పడేవి రాష్ట్ర మత్స్యశాఖ లారీల్లో తెచ్చి వదిలిన రెయిన్‌బోలు. నీ ఫొటో అలాంటి చోటిదైతే నిశ్చింతగా వండుకో.

సమామిష్ సరస్సు, వాషింగ్టన్ సరస్సు మాత్రం అలాంటివి కావు. చూడటానికి చెరువుల్లా ప్రశాంతంగా ఉన్నా, 1917లో తెరిచిన బల్లార్డ్ లాకుల గుండా వాటికి సముద్రంతో సంబంధం ఉంది. 1980ల్లో ఆ లాకుల దగ్గర కాపు కాసి, లోపలికి వస్తున్న స్టీల్‌హెడ్‌లను వరసపెట్టి మింగిన సీ లయన్ల (సీల్‌ను పోలిన సముద్ర జంతువులు) కథ సియాటిల్‌లో పాతవాళ్లను ఎవరిని అడిగినా చెబుతారు. వాటన్నిటికీ కలిపి హెర్షెల్ అని ముద్దుపేరు పెట్టారు. పేరు ముద్దుగానే ఉంది కాని, ఆ సరస్సులకు వచ్చే శీతకాలపు స్టీల్‌హెడ్ సంతతి మళ్లీ కోలుకోలేదు.

నీటి సంగతి తేలాక కొలత. సముద్రంతో సంబంధమున్న నీళ్లలో 20 అంగుళాలు దాటిన రెయిన్‌బోను వాషింగ్టన్ రాష్ట్రం స్టీల్‌హెడ్‌గానే లెక్కిస్తుంది. అది సముద్రం మొహం చూసిందా లేదా అని నిన్నెవరూ అడగరు. కాలిఫోర్నియాలో ఆ గీత 16 అంగుళాలు, సరిహద్దు దాటి బ్రిటిష్ కొలంబియాకు వెళితే 50 సెంటీమీటర్లు. కంటితో తేల్చలేని విషయాన్ని చట్టం టేపుతో తేల్చింది. నాకైతే ఇది తెలివైన పనే అనిపిస్తుంది. ఏటిలోనే పెరిగి 20 అంగుళాలు దాటిన రెయిన్‌బోకు కూడా దీని వల్ల స్టీల్‌హెడ్ రక్షణ దొరుకుతుంది. దొరకనీ, నష్టమేముంది?

టేపు తీసి కొలుస్తూ కూర్చుంటే ఈలోగా చేప ప్రాణం పోతుంది. నీ గాలం కర్ర పిడి చివర నుంచి సరిగ్గా 20 అంగుళాల దగ్గర ఎర్ర దారం చుట్టి, పైన కాస్త వార్నిష్ పూయి. చేపను నీళ్లలోనే ఉంచి, పక్కన కర్ర పెడితే ముక్కు నుంచి తోక కొస వరకు ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఇక రెక్క. చేప వీపు మీద పెద్ద రెక్క దాటి తోక వైపు వెళితే, ఎముక లేని చిన్న మెత్తని కండ ఒకటి ఉంటుంది. దాన్ని అడిపోజ్ రెక్క అంటారు. హ్యాచరీలో పెంచే స్టీల్‌హెడ్ పిల్లలకు నదిలో వదిలే ముందే దాన్ని కత్తిరిస్తారు. ఆ చోట మానిపోయిన మచ్చ ఉంటే అది హ్యాచరీ చేప, నియమాలు ఒప్పుకున్న చోట ఇంటికి తీసుకెళ్లవచ్చు. రెక్క నిలబడి ఉన్న స్టీల్‌హెడ్ అయితే అడవి చేప, అంటే ఏటిలో సహజంగా పుట్టినది, వదిలేయాలి. మచ్చ మానిపోయి ఉండాలన్నది గుర్తుంచుకో. పచ్చిగా కనబడితే అధికారి నీ జేబులో చాకు కోసం వెతుకుతాడు, వెతకాలి కూడా.

ఇక్కడే కొత్తవాళ్లు చాలామంది తికమక పడతారు. తెగిన రెక్క ఈ చేపను మనిషి పెంచాడని మాత్రమే చెబుతుంది. అది సముద్రానికి వెళ్లొచ్చిందా లేదా అన్నది వేరే ప్రశ్న. కొన్ని చోట్ల సరస్సుల్లో వదిలే రెయిన్‌బోలకు కూడా ఆ రెక్క కత్తిరిస్తారు. చాలా చోట్ల కత్తిరించరు. కాబట్టి రెక్క లేనంత మాత్రాన స్టీల్‌హెడ్ అనుకోకు, ఉన్నంత మాత్రాన అడవి రెయిన్‌బో అనుకోకు. ఎవరు పెంచారు, ఏ దారిలో తిరిగింది అన్న రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడగడం అలవాటు చేసుకో. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

నువ్వు హ్యాచరీ రెయిన్‌బో అంటున్నది మనిషి చేతిలోనే పెరిగి, సముద్రం ఎరగని పెంపుడు చేప. దాని వంశం చాలా పాతది. 1879లో ఉత్తర కాలిఫోర్నియాలోని మెక్‌క్లౌడ్ నది దగ్గర ట్రౌట్ గుడ్లు సేకరించే కేంద్రం పెట్టారు. ఆ గుడ్లు దేశమంతా వెళ్లాయి, ఆ తర్వాత రెయిన్‌బో ప్రపంచమంతా పాకింది. మన ఊటీ కొండల్లో, మున్నార్‌లో ఉన్నదీ ఈ చేపే. అడవిలో ఇది వసంతంలో గుడ్లు పెడుతుంది. హ్యాచరీల్లో తరతరాలుగా ఏరి ఏరి పెంచిన కొన్ని రకాలు శరదృతువులోనే పెడతాయి. అందుకే అక్టోబరులో చిన్న సరస్సులో పొట్టనిండా గుడ్లున్న రెయిన్‌బో పడితే ఆశ్చర్యపోకు.

పెంపుడు చేపను గుర్తించాలంటే దాని రెక్కలు చూడు. సిమెంటు తొట్టిలో ఇరుకుగా పెరగడం వల్ల, పక్క చేపలు కొరకడం వల్ల వీపు రెక్క అరిగిపోయి, వంకర తిరిగి ఉంటుంది. మొప్పల పక్కన ఉండే రెక్కలు మొద్దుబారి ఉంటాయి. తోక మూలలు పదును లేకుండా గుండ్రంగా ఉంటాయి. లారీ దిగి కొన్ని నెలలు గడిస్తే వీటిలో కొన్ని సర్దుకుంటాయి, వీపు రెక్క వంకర మాత్రం తరచు అలాగే ఉండిపోతుంది. అయితే హ్యాచరీ స్టీల్‌హెడ్‌కు కూడా అలాంటి తొట్టిలోనే బాల్యం గడిచింది కాబట్టి దాని వీపు రెక్క కూడా పొట్టిగా, మడతపడి ఉండవచ్చు. ఇంతకుముందు చెప్పిన రెండు ప్రశ్నలు ఇక్కడ పనికొస్తాయి.

రంగును చివరికి ఉంచింది కావాలనే. అందరూ మొదట చూసేదీ అదే, ఎక్కువ మోసం చేసేదీ అదే. సముద్రం నుంచి అప్పుడే వచ్చిన స్టీల్‌హెడ్ వీపు ఉక్కు నీలం, పక్కలు తళతళలాడే వెండి, పొట్ట తెల్లన. రెక్కలు అద్దంలా పారదర్శకంగా ఉంటాయి. మచ్చలు వీపు మీదే ఎక్కువ, ఒంటి పక్కన పొడవునా సాగే సన్నని పక్కగీత కిందికి దిగేసరికి బాగా పలచబడతాయి. ఒంటిమీద సీ లైస్ అనే చిన్న పురుగులు కనిపిస్తే అది సముద్రం వదిలి కొన్ని రోజులే అయిందని అర్థం, మంచినీటిలో అవి ఎక్కువ కాలం బతకవు. ఏటి రెయిన్‌బో మామూలుగా ఆకుపచ్చ వీపుతో, ఒళ్లంతా మచ్చలతో, ఎర్రని చారతో ఉంటుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అదే స్టీల్‌హెడ్ కొన్ని వారాలు నదిలో ఉంటే ముదురు రంగు తిరిగి, ఎర్ర చార వేసుకుని, చెక్కిళ్లు ఎర్రబడి అచ్చం రెయిన్‌బోలా తయారవుతుంది. ఇంకోవైపు, లోతైన పెద్ద సరస్సులో పెరిగిన రెయిన్‌బో స్టీల్‌హెడ్‌ను మించి మెరుస్తుంది. గుడ్లు పెట్టేసి సముద్రానికి తిరిగి పోయే స్టీల్‌హెడ్ మళ్లీ వెండి రంగుకొస్తుంది. తల పెద్దగా, ఒళ్లు సన్నగా, తోక చిరిగి ఉంటే అదే. పసిఫిక్ సాల్మన్‌ల మాదిరి గుడ్లు పెట్టగానే చావక, మరోసారి వచ్చే అవకాశం ఉన్న చేప అది. దాన్ని అసలు విసిగించకు.

పొలుసును భూతద్దం కింద పెడితే చెట్టు వలయాల్లా గీతలు కనిపిస్తాయి. ఏటి కాలపు గీతలు దగ్గర దగ్గరగా, సముద్ర కాలపువి దూరం దూరంగా ఉంటాయి. జీవశాస్త్రవేత్తలు చూసేది అదే. ఒడ్డున నీకు ఆ తీరిక ఉండదు, చేపకు అసలే ఉండదు.

పెద్ద చేపల మీద ఇంత రాశాను కాని, నిజంగా నష్టం జరిగేది చిన్నవాటితో. నదిలో వసంతకాలంలో ఆరేడు అంగుళాల వెండి ట్రౌట్లు ఎరకు ఎగబడతాయి. చేతికి పొలుసులు ఊడి అంటుకుంటున్నాయంటే అవి సముద్రానికి బయల్దేరిన స్టీల్‌హెడ్ పిల్లలు, స్మోల్ట్‌లు అంటారు. అంతకన్నా చిన్నవయసులో, పక్కన కోడిగుడ్డు ఆకారపు నల్లని మచ్చలున్నప్పుడు, స్టీల్‌హెడ్ పిల్లనూ రెయిన్‌బో పిల్లనూ వేరు చేయడం ఎవరి తరమూ కాదు. ఇక్కడి స్టీల్‌హెడ్ నదులు చాలావాటిలో ట్రౌట్‌కు కనీస కొలత 14 అంగుళాలు పెట్టింది వీటిని కాపాడటానికే. చిన్నవి వరసగా పడుతుంటే ఆ మడుగు వదిలి పక్కకు జరుగు.

శరదృతువులో నదిలో కోహో, చినూక్ సాల్మన్‌లు కూడా కలుస్తాయి. నోరు తెరిచి చూస్తే స్టీల్‌హెడ్‌కు లోపలంతా తెలుపు, సాల్మన్‌లకు నలుపు తగులుతుంది. దవడ కింద నారింజ రంగు గీత ఉంటే కట్‌త్రోట్ అనే మరో ట్రౌట్. వీపు రెక్క మీద నల్ల మచ్చలు లేకుండా, ఒంటిమీద లేత రంగు చుక్కలుంటే బుల్ ట్రౌట్, దానికీ ఫెడరల్ రక్షణ ఉంది. మిషిగన్‌లో ఉన్న నీ స్నేహితుడి సలహాలు మాత్రం ఇక్కడ వాడకు. వాళ్ల స్టీల్‌హెడ్ మంచినీటి మహాసరస్సునే సముద్రంగా చేసుకుని బతుకుతుంది, వాళ్ల నియమాలు వేరు.

సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌కు చెందిన స్టీల్‌హెడ్‌ను 2007లో ప్రమాదంలో ఉన్న జాబితాలో చేర్చారు. 1969 నుంచి ఇది ఈ రాష్ట్ర చేప, దాని గతి ఇది. వదిలేయాల్సిన చేపను నీళ్లలోంచి పూర్తిగా పైకి తీయడం కూడా ఇక్కడ నేరం. ఒడ్డుమీద రాళ్లపై పడుకోబెట్టి, కౌగిలించుకుని తీసుకునే ఫొటోలు మానెయ్. రబ్బరు వల కొను, చేతులు తడుపుకో, కొక్కెం ఎదురుముల్లు ముందే నొక్కెయ్. నది ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో వారం వారం మారుతుంది కాబట్టి బయల్దేరే రోజు పొద్దున్నే ఫోనులో ఫిష్ వాషింగ్టన్ యాప్ చూసుకో. ఇవన్నీ చూసినా తేలకపోతే వదిలెయ్. కూరకు ఇంకో దారి ఉంది.

ఆ దారి దుకాణం. అక్కడ స్టీల్‌హెడ్ అని చీటీ అంటించి అమ్మే ఎర్రని ముక్కల్లో ఎక్కువ భాగం వలల్లో మేత వేసి పెంచిన పెద్ద రెయిన్‌బోలే. మాంసం రంగు మేతను బట్టి వస్తుంది, కాబట్టి కోసి చూసి కూడా ఏమీ తేల్చలేవు. రుచికి బాగానే ఉంటుంది. పులుసు పెడితే ముక్క విడిపోతుంది, చింతపండు పులుసు బాగా మరిగి చిక్కబడ్డాక చివర్లో వేసి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పు. సరస్సు రెయిన్‌బోను మాత్రం వేపుడే చేయి.

హ్యాచరీ స్టీల్‌హెడ్ ఉంచుకున్నావంటే, మళ్లీ గాలం వేసే ముందే, పట్టిన చేపలను నమోదు చేసే క్యాచ్ రికార్డు కార్డులో రాయాలి. మీ బాబుకు 15 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు అక్కర్లేదు కాని, స్టీల్‌హెడ్‌కు తీసుకెళితే ఆ కార్డు వాడి పేరున కూడా ఉండాలి. వచ్చే నెల వస్తున్నాను, ఎర్ర దారం, వార్నిష్ నేనే తెస్తాను. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య