ఏడు పేజీలు రాస్తే ‘ఒపీనియన్ ఏదమ్మా?’ అన్నారు

(లా విద్యార్థుల ప్రశ్నలకు, జిల్లా కోర్టులో 33 ఏళ్లుగా సివిల్ ప్రాక్టీసు చేస్తున్న సీనియర్ న్యాయవాది జవాబులు)

ప్రశ్న: నమస్కారం సార్. నేను అయిదేళ్ల లా కోర్సులో నాలుగో సంవత్సరం చదువుతున్నాను. సెలవుల్లో ఒక సీనియర్ గారి ఆఫీసుకు ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే, ఒక స్థలం కాగితాలిచ్చి బ్యాంకు లోను కోసం లీగల్ ఒపీనియన్ (స్థలం మీద హక్కు ఎవరిదో చెప్పే లాయరు అభిప్రాయం) రాసుకురమ్మన్నారు. సంగతి ఇదీ. ఒక హైస్కూలు టీచరు గారు 1978లో 300 గజాల స్థలం రిజిస్టర్డ్ దస్తావేజు మీద కొన్నారు. 1996లో వీలునామా రాయకుండా చనిపోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. 1998లో కొడుకులిద్దరూ చెరి 150 గజాలు పంచుకుని స్టాంపు కాగితం మీద రాసుకున్నారు, రిజిస్టర్ చేయించలేదు. 2003లో తల్లి కూడా వీలునామా లేకుండానే పోయారు. 2007లో పెద్ద కొడుకు తన 150 గజాలు అమ్మేశారు. కొన్నాయన ఇప్పుడు ఇల్లు కట్టుకోవడానికి లోను అడుగుతున్నారు. నేను కష్టపడి ఏడు పేజీలు రాశాను, పదకొండు తీర్పులు పెట్టాను. సార్ చివరి పేజీ తిప్పి చూసి ‘ఇందులో ఒపీనియన్ ఏదమ్మా?’ అన్నారు. నాకు ఏడుపొచ్చింది. నేను రాసింది జత చేస్తున్నాను. తప్పెక్కడో చెప్పండి.
– విద్యార్థిని, ఒంగోలు

జవాబు: అమ్మా, మీరు పంపింది రెండుసార్లు చదివాను. మీరు చదివినదంతా అందులో ఉంది. బ్యాంకు అడిగినదానికి జవాబు మాత్రం లేదు. ‘టైటిల్ (యాజమాన్య హక్కు) కొంత సందేహాస్పదంగా ఉన్నందున తగు జాగ్రత్తలు తీసుకోగలరు’ అని ముగించారు. ఏ జాగ్రత్తలు? ఎవరి సంతకం కావాలి? ఏ దస్తావేజు రాయించాలి? మేనేజరుకు కావలసింది అదే. ఈ స్థలం తాకట్టు పెట్టుకుని డబ్బివ్వొచ్చా, ఇవ్వకూడదా, ఏదైనా సరిచేయించాక ఇవ్వాలా అన్న ముక్క మొదటి పేరాలోనే కనబడాలి. కారణాలు ఆ తర్వాత.

రెండో తప్పు ఇంకా ముఖ్యమైనది. మీరు మూడు పేజీలు వినీతా శర్మ కేసు మీద ఖర్చుపెట్టారు. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు గొప్పదే. హిందూ వారసత్వ చట్టానికి 2005 సవరణ వచ్చిన నాటికి తండ్రి బతికున్నా లేకున్నా కూతురు పుట్టుకతోనే కోపార్సెనర్ (ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటాదారు) అని తేల్చింది. కానీ అది ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. మీ ముందున్న స్థలం టీచరు గారు జీతంతో కొనుక్కున్నదైతే అది ఆయన స్వార్జితం. ఆయన పోగానే హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం భార్యకు, ఇద్దరు కొడుకులకు, కూతురికి సమానంగా వస్తుంది. ఈ హక్కు ఆ అమ్మాయికి ఇవ్వడానికి 2005 దాకా ఎవరూ ఆగక్కర్లేదు. 1956 నుంచే ఉంది. కూతురు అనగానే ఉమ్మడి ఆస్తి గురించి చెప్పే సెక్షన్ 6 వైపు పరుగెత్తడం ఈ మధ్య విద్యార్థుల్లో చాలా చూస్తున్నాను.

మరి స్వార్జితం అని మీకెవరు చెప్పారు? లోను అడుగుతున్నాయనే కదా. 1978 దస్తావేజులో కొన్నవారి వృత్తి ‘ఉపాధ్యాయులు’ అని రాసి ఉంటే ఆ మాట మీ ఒపీనియన్లో ఎక్కించండి. ఆయనకు పిత్రార్జితం పొలం ఏదైనా ఉందా, దాన్ని అమ్మిన డబ్బుతో ఈ స్థలం కొన్నారా అని అడగండి. ఉమ్మడి ఆస్తి అని తేలితే అప్పుడు వినీతా శర్మ కావాలి. వాటాల అంకె చివరికి అదే రావచ్చు, కానీ లెక్క వేసే దారి వేరు. ఏ సంగతి కాగితంలో చూశారో, ఏది నోటిమాటగా విన్నారో, ఏది మీరు అనుకున్నారో మూడూ విడివిడిగా రాయడం అలవాటు చేసుకోండి. రేపు ‘అనుకున్నది’ తప్పని తేలినా మీ ఒపీనియన్ అబద్ధం కాదు.

ఇప్పుడు లెక్క. 1996లో నలుగురు వారసులు, మనిషికి 75 గజాలు. 2003లో తల్లి పోయాక ఆమె 75 గజాలు సెక్షన్ 15 ప్రకారం ముగ్గురు పిల్లలకూ తలా 25. అంటే ముగ్గురికీ తలా వంద. పెద్ద కొడుకు అమ్మింది 150. తనకున్న దానికన్నా 50 ఎక్కువ అమ్మారు. ఆ వంద కూడా ఇంకా విడదీయని వాటానే తప్ప స్థలంలో ఫలానా మూల అని చెప్పగలిగింది కాదు. ఈ కొద్ది వాక్యాలూ మీ ఏడు పేజీల్లో ఎక్కడా లేవు! కాగితం మీద చిన్న వంశవృక్షం గీసి, ఒక్కొక్కరి పేరు పక్కన చనిపోయిన సంవత్సరం వేసుంటే అయిదు నిమిషాల్లో బయటపడేది. నేను ఇప్పటికీ చట్టం పుస్తకం తెరిచే ముందు అదే గీస్తాను.

1998 కాగితం సంగతి. దీన్ని ‘రిజిస్టర్ కాలేదు కాబట్టి చెల్లదు’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. అంత తేలిక కాదు. నోటిమాట మీద పంచుకోవడం చెల్లుతుంది. పంచుకున్న తర్వాత గుర్తు కోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 1976లో ‘కాలే’ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితమే వాటాలను పుట్టిస్తుంటే మాత్రం ఏ కాగితాలు తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలో చెప్పే రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 అడ్డొస్తుంది. తేడా ఎక్కడ తెలుస్తుందంటే క్రియాపదంలో. ‘ఇదివరకే పంచుకొని అనుభవించుచున్నాము’ అని ఉందా, ‘ఇందుమూలముగా పంచుకొనుచున్నాము’ అని ఉందా? ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి. స్టాంపు డ్యూటీ సరిపోయిందో లేదో కూడా చూడండి. అయితే ఇవన్నీ దాటినా ఒక గోడ మిగులుతుంది. ఆ కాగితం మీద కూతురి సంతకం లేదు. తల్లి సంతకం ఉందో లేదో మీరు రాయనే లేదు. తాను లేని పంపకానికి ఆ కూతురు కట్టుబడి ఉండనక్కర్లేదు.

‘2007 నుంచి స్వాధీనంలో ఉన్నారు, 12 ఏళ్లు దాటింది కాబట్టి టైటిల్ వచ్చేసింది’ అని ఐదో పేజీలో రాశారు. ఇది తీసేయండి. ప్రతికూల స్వాధీనం (వేరొకరి ఆస్తిని ఏళ్ల తరబడి తనదిగా అనుభవించి హక్కు పొందడం) కోర్టులో సాక్ష్యంతో రుజువు చేయాల్సిన సంగతి. సహ యజమానుల్లో ఒకరి స్వాధీనం అందరి తరఫునా స్వాధీనమేనన్న సూత్రం ఉంది, కొన్నాయన విషయంలో అది ఎంతవరకు వర్తిస్తుందన్నది ఆ కేసు వాస్తవాల మీద తేలాలి. దావా వేస్తే వాదించుకోవచ్చు. దాన్ని నమ్ముకుని లోను ఇమ్మని చెప్పలేం.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1995లో, ప్రాక్టీసు పెట్టిన మూడో ఏడు, ఒక బ్యాంకు కోసం ఒపీనియన్ రాశాను. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీశాను, ఒక్క చిక్కూ లేదు. లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) చూశాను, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) సరిపోయింది. ‘క్లియర్ టైటిల్’ అని సంతకం పెట్టాను. కొన్నది రిటైరైన ఒక పోస్టుమ్యాన్. నాలుగేళ్లకు, అమ్మినాయన చెల్లెలు భాగపరిష్కారం దావా వేసింది. ఆ పెద్దాయన నా ఒపీనియన్ కాగితమే మడతపెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. చివరికి ఆమె వాటాకు డబ్బు కట్టి రాజీ చేసుకున్నారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. ఆడపిల్ల పుట్టిందని ఈసీలో ఉండదు. ఆ రోజు నుంచి నా ఆఫీసుకు ఎవరు కాగితాలు తెచ్చినా నా మొదటి ప్రశ్న: ‘అమ్మినవారి తండ్రికి ఎంతమంది సంతానం, ఆడపిల్లలతో కలిపి చెప్పండి.’

మీ ఒపీనియన్ మొదటి పేరా నేనైతే ఇలా రాస్తాను:

‘నాకు చూపిన కాగితాల ప్రకారం, 2007 దస్తావేజు ద్వారా దరఖాస్తుదారుకు సంక్రమించింది మొత్తం 300 గజాల్లో పెద్ద కుమారుని విడదీయని మూడో వంతు హక్కు మాత్రమే. 150 గజాల మీద పూర్తి హక్కు ఉన్నట్టు చెప్పలేను. ప్రస్తుత స్థితిలో ఈ ఆస్తి తాకట్టుకు తగదు. కుమార్తె, చిన్న కుమారుడు ఇద్దరూ ఈ 150 గజాల్లో తమ హక్కులు వదులుకుంటూ దరఖాస్తుదారు పేర రిజిస్టర్డ్ దస్తావేజు రాసిస్తే తగును. 1978 ఒరిజినల్ దస్తావేజు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రాలు చూడవలసి ఉంది. ఆస్తి స్వార్జితమన్నది దరఖాస్తుదారు చెప్పిన మాట. దానికి ఆధారం 1978 దస్తావేజులోని వృత్తి వివరం ఒక్కటే.’

దీని కింద చూసిన కాగితాల పట్టిక, వంశవృక్షం, ఆ తర్వాత కారణాలు. మూడు పేజీలకు మించదు. తీర్పులు రెండు చాలు, అవి కూడా మీరు పూర్తిగా చదివినవైతేనే. హెడ్‌నోట్ (తీర్పు పైన వేసే సారాంశం) మాత్రమే చూసి ఎత్తి రాసిన తీర్పు మీ ఏడు పేజీల్లో కనీసం ఒకటి ఉంది. ఏదో మీకు తెలుసు.

ఇంకొక్క మాట. ఆ కూతురు ఎక్కడుందో, బతికుందో లేదో కనుక్కోమని మీ సీనియర్ గారికి చెప్పండి. ఆమె పోయి ఉంటే సంతకాలు పెట్టాల్సింది ఆమె వారసులు.

ప్రశ్న: ఒపీనియన్ తెలుగులో రాయకూడదా సార్? ఇంగ్లిష్‌లో రాయాలంటే టెన్షన్.
– మూడేళ్ల ఎల్.ఎల్.బి. విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఎవరు చదువుతారో వాళ్ల భాషలో రాయండి. బ్యాంకులు సాధారణంగా ఇంగ్లిష్‌లో, తమ ఫార్మాట్‌లో అడుగుతాయి. రైతు అడిగితే తెలుగులోనే ఇవ్వండి, నేను ఇస్తాను. నా దిగులు మీ ఇంగ్లిష్ గురించి కాదు. పాత కాగితాలు చదవగలరా? మీ ప్రాంతంలో 1954–55 ఖాస్రా పహాణీ, సేత్వార్ లాంటి పాత భూమి రికార్డులు చూడాల్సి వస్తుంది, వాటినిండా ఉర్దూ మాటలు. పాత దస్తావేజు లేఖరుల గొలుసుకట్టు రాత ఇంకో చదువు. వారానికి ఒక పాత దస్తావేజు తెచ్చుకుని చేత్తో తిరగరాయండి.

ప్రశ్న: తప్పు ఒపీనియన్ ఇస్తే లాయర్ మీద క్రిమినల్ కేసు పెడతారా?
– చివరి సంవత్సరం విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: హైదరాబాద్‌లో హౌసింగ్ లోన్ల మోసం కేసులో ఒక ప్యానెల్ అడ్వకేట్‌ను (బ్యాంకు తన జాబితాలో పెట్టుకున్న లాయరును) కూడా సీబీఐ నిందితుడిగా చేర్చింది. 2012లో సుప్రీంకోర్టు, సీబీఐ వర్సెస్ కె. నారాయణరావు తీర్పులో, ఆయన మీద కేసు కొట్టివేయడం సరైనదేనంది. ఒపీనియన్ తప్పవడమొక్కటే నేరం కాదు, మోసగాళ్లతో చేయి కలిపినట్టు ఆధారం ఉండాలి. అయితే ఘోరమైన నిర్లక్ష్యం రుజువైతే వృత్తిపరమైన చర్యలకు దారి ఉండనే ఉంది. విద్యార్థిగా మీరు రాసేది డ్రాఫ్టే, సంతకం మీ సీనియర్‌ది. అందుకే ఒరిజినల్ చూడకుండా జిరాక్స్ చూసి రాస్తే, ‘జిరాక్స్ కాపీ చూసి రాశాను’ అని డ్రాఫ్టులో తప్పకుండా పెట్టండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తెప్పించి, ఒరిజినల్ పక్కన పెట్టి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూడండి. డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, సాక్షుల పేర్లు, చెక్కుబందీ, చివరి పేజీ సీళ్లతో సహా.