పితూరీ అంటే చాడీయా, తిరుగుబాటా?

సందేహం: చిన్నప్పుడు మేం ఒకరి మీద ఒకరం చెప్పుకుంటే మా అమ్మమ్మ "పితూరీలు మోసుకురాకండి" అని కసిరేది. ఈమధ్య మన్యం గురించి చదువుతుంటే మద్రాసు ప్రభుత్వ ఉత్తరాల అనువాదంలో 'రంప పితూరీ', 'పితూరీదార్లు' అని కనిపించాయి. రెండూ ఒకే మాటేనా? అల్లూరి సీతారామరాజు పోరాటాన్ని పితూరీ అంటే తక్కువ చేసినట్టు కాదా?

సమాధానం: ఒకే మాటండీ. అరబ్బీలో 'ఫుతూర్' అంటే నీరసం, సడలిపోవడం. పారశీకం, హిందుస్తానీల మీదుగా వచ్చేసరికి లోపం, గడబిడ, అల్లరి అనే అర్థాలు తగులుకున్నాయి. అక్కడినుంచి ఒక్కో భాష ఒక్కో ముక్క పట్టుకుపోయింది. హిందీవాళ్లకు ఫితూర్ అంటే తలకెక్కిన పిచ్చి. మరాఠీలో ఫితూర్ అయ్యాడంటే అవతలి పక్షానికి ఫిరాయించాడని; కోర్టులో మాట మార్చిన సాక్షిని ఇప్పటికీ అలాగే అంటారు. కన్నడంలో పితూరి అంటే కుట్ర. మనం మాత్రం తిరుగుబాటునూ ఉంచుకున్నాం, చాడీనీ ఉంచుకున్నాం. లోపం అనే అర్థం నుంచి ఒకరి లోపాలు ఇంకొకరికి చేరవేయడం దాకా రావడం పెద్ద దూరమేమీ కాదని నా ఊహ. ఫకారం మనది కాదు కనుక నోట్లో పకారమైంది, ఫౌజు పవుజు అయినట్టే.

దొరలు ఈ మాటను ఎఫ్‌తోనే, 'ఫితూరి' అని రాసుకున్నారు. ఉత్తరాల్లోనే కాదు, 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లోనూ అదే మాట. తమాషా ఏమిటంటే వాళ్ల లెక్కలో చిన్నా పెద్దా తేడా లేదు. 1900లో పాచిపెంట దగ్గర కొర్రా మల్లయ్య అనే గిరిజనుడి వెనక జనం చేరితే అదీ ఫితూరీయే. 1879 మార్చిలో గోదావరి మన్యంలోని రంపలో మొదలై గూడెం కొండలకూ భద్రాచలం వైపుకూ పాకిన గొడవా ఫితూరీయే. కల్లు మీద పన్ను, మన్సబ్‌దారు (ఆ కొండల మీద పెత్తనం ఉన్న జమీందారు) దోపిడీ, పోలీసుల జులుం కలిసి రాజేసిన మంట అది. ఆర్పడానికి పదాతి రెజిమెంట్లనే దింపాల్సి వచ్చింది. రెజిమెంట్లు నడిచిన చోటును కూడా గడబిడ అనే మాటతో సరిపెట్టారంటే, రాసినవాడు ఏ కుర్చీలో కూర్చుని రాశాడో తెలుస్తూనే ఉంది.

మరి తక్కువ చేసినట్టేనా? ఆ ఉత్తరాల్లో అయితే అవును. కానీ తెలుగువాళ్ల నోట రంప పితూరీ, రామరాజు పితూరీ అన్నప్పుడు చిన్నచూపు ఏ కోశానా వినిపించదు. మాట సర్కారు కచేరీ నుంచి వచ్చినా జనం దాన్ని తమది చేసుకున్నారు. కాబట్టి నా సలహా ఇది: పేరుగా చెప్పేటప్పుడు రంప పితూరీ అని నిక్షేపంగా రాయండి. మీ మాటగా వివరించేటప్పుడు తిరుగుబాటు అనండి. 1922 ఆగస్టులో రామరాజు దళం వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోవడం, దాన్ని అణచడానికి మలబారు పోలీసులు చాలక అస్సాం రైఫిల్స్‌ను రప్పించడం: దీనికి తిరుగుబాటు కన్నా చిన్న మాట అతకదు. పితూరీదారు జోలికి మాత్రం పోకండి. అది అచ్చంగా ఉత్తరాల భాష.

మీరు అడగకపోయినా ఇంకో మాట. ఇలాంటి అనువాదాల్లో పితూరీ కన్నా ఎక్కువ చిక్కు తెచ్చేది ముఠా. ఈ రోజుల్లో ముఠా అంటే దొంగల ముఠాయే గుర్తొస్తుంది. మన్యం కాగితాల్లో ముఠా అంటే కొన్ని ఊళ్ల గుంపు. దాని మీద పెత్తనం, శిస్తు చెల్లించే బాధ్యత ఉన్నవాడు ముఠాదారు. ఇది తెలియక 'ముఠాదారును' కాస్తా 'ముఠా నాయకుడు' చేసేస్తే, ఊళ్ల శిస్తు కట్టే పెత్తందారు ఒక్క దెబ్బకు బందిపోటు అయిపోతాడు. దొరలు కూడా చేయని పని మనం చేసినట్టవుతుంది! మీరు చదువుతున్న పుస్తకంలో ముఠా నాయకుడు అని ఉన్న చోటల్లా పెన్సిలుతో ఓ గీత గీసి, అతనికి ఊళ్లున్నాయా, తుపాకులున్నాయా అని ముందూ వెనకా చూసుకోండి. రెండూ ఉన్నవాళ్లు కూడా తగులుతారు లెండి.