పూనకంలో విన్న మాట, హిప్నాసిస్‌లో అడిగించాలనుకున్న ప్రశ్న

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. నా వయసు 36. నా భార్య ఎక్కిన ఆటో నిరుడు ఎన్‌ఏడీ కూడలి దగ్గర బోల్తా పడింది. దెబ్బలు మానాయి కానీ బండెక్కాలంటే చెమటలు పట్టి, గుండె దడ మొదలయ్యేది. డాక్టరు గారి సూచన మీద రెండు నెలలుగా ఒక సైకాలజిస్టు దగ్గర హిప్నాసిస్ చికిత్స తీసుకుంటోంది. భయం కొంత తగ్గింది. లోపల ఏం జరుగుతుందని అడిగితే మాత్రం "చెప్పడానికేముంది, కళ్ళు మూసుకుని కూర్చోవడమే" అంటుంది. వశీకరణం చేశారని మా అమ్మ అనుమానం. మొన్న అమ్మవారి పండగలో అమ్మకు పూనకం వచ్చి "నీ పెళ్ళాం మనసు నీ ఇంట్లో లేదు" అంది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఆమె ఫోను కూడా వెతికాను, ఏమీ కనబడలేదు. హిప్నాసిస్‌లో అబద్ధం చెప్పలేరంటారు కదా! నేను పక్కన కూర్చుని, పెళ్ళికి ముందు సంగతులు ఆ సైకాలజిస్టు చేత అడిగించవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అడిగించకూడదు, అడిగించినా మీకు నిజం దొరకదు. ఎందుకు దొరకదో తెలియాలంటే ఆ గదిలో జరిగేదేమిటో కొంచెం వివరంగా చెప్పాలి.

ఆ గదిలో జరిగేది పక్కనుంచి చూసేవారికి చాలా చప్పగా ఉంటుంది. కుర్చీలో వెనక్కి వాలి, గోడ మీద ఒక చోట చూపు నిలపమంటారు, రెప్పలు బరువెక్కుతున్నాయని, ఊపిరి నిదానమవుతోందని మెల్లగా చెబుతూ పోతారు. కళ్ళు మూతపడ్డాక, మీ భార్యలాంటి వారి విషయంలో, ఊహలో ఆటో ఎక్కించి కొంత దూరం తీసుకెళ్ళి, భయం ఎక్కువైతే చూపుడువేలు ఎత్తమని ముందే చెప్పి ఉంచుతారు. వేలు లేవగానే ఊహలోని ఆటో ఆగిపోతుంది. ఒంట్లో దడ తగ్గాక మళ్ళీ బయలుదేరుతుంది. ఆటో ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది ఆమె వేలే తప్ప సైకాలజిస్టు నోరు కాదని గమనించండి. "చెప్పడానికేముంది" అని ఆమె అన్నది దాటవేత కాకపోవచ్చు, నిజంగానే చెప్పడానికి అంతకంటే ఏమీ ఉండకపోవచ్చు.

హిప్నాసిస్ అన్న పేరు గ్రీకుల నిద్రాదేవత నుంచి వచ్చినా ఆ స్థితి నిద్ర కాదు. 1840లలో ఆ పేరుకు ప్రచారం తెచ్చిన జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లండ్ వైద్యుడే తరువాత అది సరైన పేరు కాదనుకుని, మనసు ఒకే భావం మీద నిలవడం అనే అర్థం వచ్చే వేరొక పేరు పెట్టబోయాడు కానీ అప్పటికే పాత పేరు జనంలో పాతుకుపోయింది. ధ్యాస ఒక్కచోట కూడుకున్నప్పుడు చుట్టుపక్కల విషయాలు వెనక్కి తగ్గుతాయి. ఏదో ఆలోచనలో పడి బండి నడుపుతూ షీలానగర్ ఎప్పుడు దాటిందో తెలియకుండా ఎన్‌ఏడీ చేరుకున్న అనుభవం మీకూ ఉండే ఉంటుంది. దానికి సూచన తోడైతే మనసులోని మాట ఒంటి మీద కూడా పనిచేస్తుంది. పుల్లటి పచ్చిమామిడి ముక్కకు ఉప్పూ కారమూ అద్ది నోటి దాకా తెచ్చుకున్నట్టు ఒక నిమిషం తలచుకోండి, నోట్లో నీళ్ళూరమని మీరెవరికీ ఆజ్ఞ ఇవ్వనక్కరలేదు. 1997లో మాంట్రియల్ పరిశోధకులు హిప్నాసిస్‌లో ఉన్నవారి చెయ్యి బాగా వేడిగా ఉన్న నీటిలో పెట్టించి, ఆ బాధ అంత దుర్భరంగా లేదని సూచించినప్పుడు, నొప్పిలోని బాధతో సంబంధమున్న మెదడు భాగంలో స్పందన కూడా ఆ సూచనను అనుసరించే మారడం స్కానింగులో చూశారు. అందరి మీదా ఇది ఒకేలా పనిచేయదు. కొందరు చాలా తేలికగా ఆ స్థితిలోకి వెళతారు, కొందరు ఎంత ప్రయత్నించినా వెళ్ళరు, ఎక్కువమంది ఈ రెంటికీ మధ్యలో ఉంటారు.

ఇప్పుడు మీ ఆశ సంగతి. ఆ స్థితిలో ఉన్న మనిషి అబద్ధం చెప్పగలరు, చెప్పకూడదనుకున్నది దాచుకోనూగలరు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. 1983లో లారెన్స్, పెర్రీ అనే ఇద్దరు మనోవిజ్ఞానులు, హిప్నాసిస్‌కు బాగా లొంగే 27 మందికి, ఒకానొక రాత్రి పెద్ద చప్పుళ్ళు విని నిద్రలేచినట్టు ఆ స్థితిలో సూచన ఇస్తే, వారిలో 13 మంది తరువాత అది నిజంగా జరిగిందనే నమ్మారు. అంటే మీ సందేహాన్ని ప్రశ్నగా మార్చి అడిగించడమంటే జరగనిదాన్ని ఆమె మనసులో నాటే ప్రమాదాన్ని చేతులారా తెచ్చుకోవడమే. ఆ తరువాత ఆమె ఎంత నమ్మకంగా చెప్పినా ఆ నమ్మకానికి విలువ ఉండదు. మీ కోరికకు ఒప్పుకునే సైకాలజిస్టు ఎవరైనా దొరికితే, నా మాటగా, ఆ గుమ్మం మళ్ళీ తొక్కకండి. చికిత్సలోని వివరాలు గోప్యంగా ఉండాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమూ చెబుతోంది, భర్త అయినంత మాత్రాన ఆ గోప్యత తొలగిపోదు.

వశీకరణం గురించి మీ అమ్మగారి భయం కొత్తదేమీ కాదు. హిప్నాసిస్‌కు మూలమైన పద్ధతితో చికిత్స చేసిన మెస్మర్ అనే వైద్యుడు తన దగ్గర అయస్కాంతంలాంటి శక్తి ఉందని పారిస్ నగరాన్ని ఊపేసిన రోజుల్లో, 1784లో ఫ్రాన్సు రాజు ఒక విచారణ సంఘం వేయగా, బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోజియే వంటి శాస్త్రవేత్తలు అందులో కూర్చున్నారు. తోటలో ఒక చెట్టుకు ఆ శక్తి ఎక్కించామని చెప్పి, కళ్ళకు గంతలు కట్టిన కుర్రవాణ్ణి చెట్ల మధ్య నడిపిస్తే, వాడు శక్తి ఎక్కించని చెట్టు దగ్గరే స్పృహ తప్పాడు. పనిచేసింది చెట్టూ కాదు, మెస్మరూ కాదు, కుర్రవాడి మనసు. అయితే హిప్నాసిస్ పేరుతో ఎవరూ ఎవరినీ మోసగించరని నేను హామీ ఇవ్వలేను, నమ్మి వచ్చినవారి నమ్మకాన్ని వాడుకునే మనుషులు ఏ వృత్తిలోనైనా ఉంటారు. అందుకని ఆ సైకాలజిస్టు భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టేనా అని కనుక్కోవడంలో తప్పు లేదు. పూర్వజన్మలు చూపిస్తామనేవారికి మాత్రం దూరంగా ఉండండి.

పూనకం విషయంలో మాట జాగ్రత్తగా వాడాలి. మీ అమ్మగారు నటించారని నేను అనను. డప్పుల హోరు, సాంబ్రాణి పొగ, ఉపవాసం, చుట్టూ వేపమండలు పట్టుకున్న జనం, అమ్మవారు పలుకుతుందన్న ఎదురుచూపు కలిసినప్పుడు తన నోటి నుంచి వచ్చే మాట తనది కాదని ఆ మనిషికి నిజంగానే అనిపిస్తుంది. ఎవరికీ బాధ కలిగించనంత వరకు వైద్యులు కూడా దాన్ని జబ్బుగా చూడరు. కానీ ఆ మాటకు దినుసులు ఎక్కడివి? రెండు నెలలుగా మీ వంటింట్లో నలుగుతున్న అనుమానమే పండగనాడు గొంతు మార్చుకుని మీకు వినబడిందని నా అభిప్రాయం. దేవుణ్ణి తప్పుపట్టకుండానే ఆ మాటను పక్కన పెట్టవచ్చు. అమ్మగారితో వాదనకు దిగకండి, "కోడలు బండెక్కగలుగుతోంది కదమ్మా, అది చాలు" అని రెండుసార్లు అంటే ఆమెకు అందవలసింది అందుతుంది. నిద్ర పట్టనిది మీకు కనుక, రెండు వారాల్లో తగ్గకపోతే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో మీరే ఒకసారి చూపించుకోండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, అది ఉచితం.

ఫోను వెతికిన సంగతి ఆమెకు మీరే చెప్పండి. ఆమె ఎలాగో పసిగడితే మీ ఇంట్లో రెండో ప్రమాదం జరిగినట్టే. ఆ తరువాత చికిత్సకు వెళ్ళే రోజున "నేను తోడు రానా" అని అడగండి. రమ్మంటే బండి మీద ఆమెను ఎక్కించుకుని, భయమేసినప్పుడు భుజం మీద తట్టమని చెప్పి, తట్టగానే రోడ్డు పక్కన ఆపండి. లోపలికి వద్దంటే బయట టీకొట్టు దగ్గర కూర్చోండి. ఆమె బయటికి వచ్చాక లోపల ఏమైందని అడగకుండా, తిరిగి వెళ్ళేటప్పుడు ఏ దారిన వెళదామని ఆమెనే అడగండి.