పాత పికప్‌ను బాగా కిందికి దించడానికి కొత్త ఛాసిస్ (బండిని మోసే ఉక్కు ఫ్రేమ్) ఎందుకు? స్ప్రింగులు కోస్తే చాలదా?

చాలదు. స్ప్రింగులు కోస్తే బండి దిగుతుంది కానీ, వెనక యాక్సిల్ (రెండు చక్రాలను కలిపే ఇరుసు) పైకి కదలడానికి చోటు మిగలదు. గుంత రాగానే అది ఫ్రేమ్‌ను గుద్దుతుంది.

1967-72 నాటి అమెరికన్ పికప్ షెవ్రొలే సీ10 లాంటి బండ్లలో అసలు చిక్కు ఫ్రేమ్‌దే. పక్క పట్టీలు ఒకవైపు తెరిచి ఉన్న 'సి' ఆకారపు ఉక్కు. అవి బరువు మోస్తాయి, మెలికను మాత్రం తట్టుకోలేవు. మూత తెరిచిన అట్టపెట్టెను రెండు చేతులతో మెలిపెట్టి చూడండి, ఇట్టే వంగుతుంది. టేపు వేసి మూసి మళ్లీ మెలిపెట్టండి, మొండికేస్తుంది. పవర్‌ఫుల్ ఇంజిన్ పెట్టి మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే తెరిచిన ఫ్రేమే స్ప్రింగులా మెలిపడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన షాక్ అబ్జార్బర్లయినా సరిగ్గా పనిచేయలేవు.

అందుకే నాలుగు వైపులా మూసిన ఉక్కు ట్యూబ్‌తో కొత్తది కడతారు. ముందు టైరు సైజు, బండి నిలబడే ఎత్తు తేల్చుకోవాలి. కొలతలన్నీ అక్కడి నుంచే వస్తాయి. యాక్సిల్ ఉన్నచోట ఫ్రేమ్‌ను పైకి వంచి తీసుకెళ్తారు. అక్కడ యాక్సిల్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య కనీసం 3 అంగుళాల ఖాళీ ఉండాలనేది నా పట్టుదల.

ఎక్కువమంది దెబ్బతినేది వెల్డింగ్‌లో. వేడికి ఉక్కు లాక్కుపోతుంది. గట్టి జిగ్‌కు, అంటే ముక్కలను కదలకుండా పట్టి ఉంచే చట్రానికి బిగించి, ముందు అక్కడక్కడా వెల్డింగ్ చుక్కలు మాత్రమే వేసి, ఒక మూల నుంచి ఎదురు మూలకు అడ్డంగా రెండు వైపులా కొలత టేపు పట్టండి. రెండు కొలతలూ సమానమయ్యాకే పూర్తి వెల్డింగ్, అదీ కాస్త ఇటు, కాస్త అటు.