గరిటె వంగిన పాట

కడప

నాయనా,

నువ్వు పంపిన ఆరు పాటలూ రెండుసార్లు విన్నాను. ఒక్కో పాట రెండు నిమిషాలుంటే, దాని అర్థం చెబుతూ నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ ఏడు నిమిషాలుంది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత పాటల్లోకి వస్తా.

1986లో నేనూ కువైట్ పోయినవాణ్ణే. అప్పట్లో బొంబాయిలో ఏజెంటు గదిలో రోజుల తరబడి పడి ఉండి, వీసా చేతికొచ్చాక విమానం ఎక్కేవాళ్లం. ఆ గదిలోనే ఒక పాట కట్టాను. ఊర్లో బస్సు ఎక్కాక మా జేజి కిటికీలోంచి నా ఒళ్లో పెట్టిన చెనిక్కాయల మూట మీద. ఎన్నో ఏళ్లకు పక్కూరి పెళ్లిలో, అప్పగింతలప్పుడు ఆడవాళ్లు దాన్ని పాడుతుంటే విన్నాను. 'కోయిటు' అన్నచోట 'అత్తిల్లు' అని పెట్టుకున్నారు. మొదట ఒళ్లు మండింది. పాట సగంలో పెళ్లికూతురి నాయన తువ్వాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఇక నేనేం మాట్లాడేది? ఆ చెనిక్కాయల మూట ఆ పిల్ల ఒళ్లో కూడా సరిగ్గా కూర్చుంది. 'ఇది వలస పాట' అని నేను వెంటబడి చెబుతూ తిరిగి ఉంటే వాళ్లు దాన్ని ముట్టుకునేవాళ్లా?

నీ ఆరింటిలో ఐదు కన్నీళ్లు, ఎడారి, అమ్మ ప్రేమ. నువ్వు అబద్ధం చెప్పావని కాదు. కడప దాటనివాడు కూడా ఆ ఐదూ రాయగలడు, అదీ నా బాధ.

ఆరోది మాత్రం నీదే. శుక్రవారం సెలవు, రూంలో ఎనిమిది మంది, ఊరి నుంచి మోసుకుపోయిన రాగిపిండి. సంగటి కట్టె లేక స్టీలు గరిటెతో గెలికితే అది వంగిపోయింది. అక్కడ నవ్వాను, నవ్వి ఊరుకోలేకపోయాను. ఆఖరి చరణంలో 'ఇదే మా వలస బతుకు' అన్నావు చూడు, అది కొట్టెయ్. గరిటె చెప్పేసింది.

పల్లవి నాలుగు వరుసలెందుకు? మన చెక్కభజన గుర్తు తెచ్చుకో. గురువు ఒక మాట అంటే వంత పాడేవాళ్లు ఎగురుతూ, చెక్కలు కొడుతూ అదే మాట తిరిగి అనాలి. ఊపిరి చాలకపోతే ఆట ఆగిపోతుంది. 'గరిటె వంగె గాని సంగటి వంగలేదన్నా'. నీ రెండో చరణంలో దాక్కున్న వరుస ఇది. దీన్ని పైకి తీసి పల్లవి చెయ్.

అకామా (అక్కడ ఉండే పర్మిట్), కపీలు (వీసా ఇచ్చే యజమాని) లాంటి మాటలు పెట్టచ్చా అని అడిగావు. మీ అమ్మ ఫోన్లో 'అకామా అయిందా నాయనా' అని అడుగుతుంది కదా, ఇంకా అది అరబ్బీ మాట ఎట్లవుతుంది? నా పాటలు క్యాసెట్ వేస్తానన్న ఒకాయన అవన్నీ తీయించి 'పరదేశం', 'యజమాని' అని రాయించాడు. నేనూ తలూపాను. ఆ క్యాసెట్లు రెండు డబ్బాలు ఇప్పటికీ మా అటక మీదే ఉన్నాయి.

పాటలు కాగితం మీద రాసిపెట్టుకో. ఫోన్లో ఉన్నాయి కదా అనద్దు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఆ తర్వాత లక్ష మందికి పైగా మనవాళ్లను అమ్మాన్ నుంచి విమానాల్లో తెచ్చారు. బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ చేరినవాళ్లలో నేనొకణ్ణి. టేప్ రికార్డరూ, నాలుగేళ్ల పాటలూ రూంలోనే ఉండిపోయాయి. మాటలు చాలావరకు నోట్లో ఉన్నాయి, వరసలు, అంటే బాణీలు, సగం పోయాయి. మన తాళ్లపాక అన్నమయ్య కీర్తనలదీ ఇదే కథ. రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఆయన పోయింది 1503లో, కీర్తనలు అచ్చయింది ఇరవయ్యో శతాబ్దంలో. ఇప్పుడు మనం వినే బాణీలు చాలావరకు తర్వాతివాళ్లు కట్టినవే. నీకు రాగిరేకులేం అక్కర్లేదు, రూళ్ల పుస్తకం చాలు. తేదీ వెయ్యి. ఏ వరస ఎవరి నోట విన్నావో అది కూడా రాయి. మూడో పాటకు కలుపు పాట వరస వాడావు, మీ జేజిదే అనుకుంటా.

వచ్చే శుక్రవారం గరిటె పాట మళ్లీ పాడి పంపు. రూంలో వాళ్లతో వంత పాడించు, వెనక గిన్నెల చప్పుడున్నా పర్లేదు. అర్థం మెసేజ్ మాత్రం వద్దు. మా వీధిలో ఒకతను రంజాన్ అయ్యాక బయల్దేరుతున్నాడు. అతని చేత రాగిపిండి, సంగటి కట్టె పంపిస్తా. పాట ఎటూ అయింది కదా, ఇక గరిటెలు పాడుచేసుకోవద్దు.

ఇట్లు,
మీ పెద్దనాయన