స్విచ్ తెస్తాను సరే, ముందు ఈ లెక్క చూడు

ఒరేయ్ చిన్నా,

డిసెంబర్‌లో అమెరికా నుంచి వచ్చేటప్పుడు నింటెండో వాళ్ల గేమ్ మెషీన్ స్విచ్ 2 తెమ్మన్నావు, దాంతోపాటు ఎనిమిది గేముల లిస్టు కూడా పంపావు. మెషీన్ తెస్తాను, అందులో మాటే లేదు. లిస్టు చూస్తే మాత్రం నవ్వొచ్చింది. ఎనిమిదీ కొత్తవే, అందులో నాలుగు డిజిటల్, అంటే నెట్‌లోంచి దించుకునేవి, పైగా రెండింటికి డీలక్స్ ఎడిషన్! మొదటి జీతం చేతిలో పడ్డ ప్రతివాడూ ఇలాగే ఉంటాడు, నేనూ ఉన్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. మీ అమ్మకి మాత్రం చూపించకు, డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసిందంటే నాకు ఫోన్ చేసి మరీ తిడుతుంది.

గుంటూరులో మా చిన్నప్పుడు గేముని క్యాసెట్ అనేవాళ్లం. కొనే తాహతు ఉన్నవాడు వీధికి ఒకడు. వాడు ఆడేసిన క్యాసెట్‌ని ఇంకొకడికి సగం ధరకి అమ్మేవాడు, ఆ ఇంకొకడు మరొకడికి, చివరికి అది బ్రాడీపేటలో గంటల లెక్కన ఆడించే షాపుకి చేరేది. అప్పుడు మాకు తెలీకుండానే ఒక లెక్క వంటబట్టింది. గేముకి నీకు నిజంగా ఎంత పడిందో తెలియాలంటే, కొన్నప్పుడు ఇచ్చిన దాంట్లోంచి అమ్మినప్పుడు వచ్చింది తీసెయ్యాలి. ఈ ఒక్క తీసివేత గుర్తుంటే కంపెనీల ఎత్తులు సగానికి సగం అర్థమైపోతాయి, ఎందుకంటే వాళ్లు పడే తిప్పలన్నీ ఆ అమ్మినప్పుడు వచ్చే అంకెని సున్నా చెయ్యడానికే.

నీ లిస్టులోదే తీసుకో. స్విచ్ 2 ఒక్కటీ అయితే 2025 జూన్‌లో 449.99 డాలర్లకి వచ్చింది. మారియో కార్ట్ వరల్డ్ అనే కార్ల రేసు గేముతో కలిపిన బండిల్ 499.99. అదే గేము విడిగా 79.99. బండిల్లో ముప్ఫై డాలర్లు కలిసొస్తాయని నువ్వు రాశావు, కూడిక తీసివేతల్లో తప్పేం లేదు. కానీ బండిల్లో వచ్చేది డౌన్‌లోడ్ గేము, అది నీ అకౌంట్‌కి అతుక్కుపోతుంది, ఇంట్లోవాళ్లకి కొన్నాళ్లు ఇవ్వొచ్చేమో గానీ అమ్మలేవు. విడిగా కొన్న క్యాట్రిడ్జ్‌ని, అంటే గేము ఉండే చిన్న కార్డుని, ఏడాది ఆడి 50కి అమ్మావనుకో, నీకు పడింది ముప్ఫై. బండిల్లో పడింది యాభై. నింటెండో సొంత గేములకి ఈ లెక్క ఇంకా బాగా కుదురుతుంది, వాళ్లు ధర దించరు కాబట్టి. 2017లో వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్ ఎనిమిదేళ్ల తర్వాత కూడా కొత్తది 59.99 డాలర్లే. కొత్తదాని ధర దిగకపోతే పాతదాని ధరా పెద్దగా దిగదు, కొనేటప్పుడు ఒళ్లు మండినా అమ్మేటప్పుడు అదే కలిసొస్తుంది. అయితే మారియో కార్ట్ నువ్వెప్పటికీ అమ్మవు, ఫ్లాట్‌లో ఉన్న నలుగురితో నాలుగేళ్లు ఆడతావు అనుకుంటే, ఇంకా దొరికితే బండిలే మేలు. నిజం చెప్పు, తర్వాత నన్ను అనకు.

సెకండ్ హ్యాండ్ అంటే కంపెనీలకి ఎందుకంత మంట అంటే, నువ్వు పాత గేము కొన్నప్పుడు తయారుచేసినవాడికి పైసా వెళ్లదు, అంతా మధ్యలో షాపువాడికే. ఇక్కడ గేమ్‌స్టాప్ లాంటి గొలుసు షాపులు బాగా నడిచిన రోజుల్లో కొత్త గేము మీద నూటికి ఇరవై చిల్లర మిగిలితే, పాతదాని మీద నలభై దాటి మిగిలేది. కాబట్టి కోపంలో న్యాయం లేకపోలేదు. ఆ కోపంతో వాళ్లు చేసిన పనులే ఘోరం. 2010లో ఈఏ అనే గేమ్ కంపెనీ వాళ్లు ఆన్‌లైన్ పాస్ అని మొదలుపెట్టారు. కొత్త బాక్సులో ఒక కోడ్ ఉంటుంది, అది ఒకసారి వాడితే అయిపోయింది, ఆ గేము రెండో చేతికి వెళ్తే ఆన్‌లైన్‌లో ఆడటానికి ఇంకో పది డాలర్లు కట్టాలి. జనం తిట్టగా తిట్టగా 2013లో ఎత్తేశారు. 2011లో క్యాప్‌కామ్ అనే ఇంకో కంపెనీ అయితే 3డీఎస్ అనే నింటెండో చేతి మెషీన్‌కి వచ్చిన ఒక రెసిడెంట్ ఈవిల్ గేములో, అదే మెర్సినరీస్ 3డీలో, సేవ్, అంటే ఆడినంతవరకూ దాచిన లెక్క, చెరిపే వీలే లేకుండా చేసింది. పాతది కొంటే ఎంగిలి విస్తరి ముందు కూర్చున్నట్టే, ముందువాడు సాధించినవన్నీ అలాగే ఉంటాయి, మొదటినుంచి ఆడదామంటే కుదరదు. 2009లో సోనీ పీఎస్‌పీ గో అని డిస్క్ పెట్టే చోటే లేని చేతి మెషీన్ తెచ్చింది, ధర 249.99. అప్పటిదాకా కొన్న డిస్కులు దాంట్లో పెట్టలేవు, ఆడాలంటే మళ్లీ డౌన్‌లోడ్ కొనాలి. జనం దాని మొహం చూడలేదు, 2011కల్లా తయారీ ఆపేశారు.

కోర్టులు ఈ విషయంలో కొన్నవాడి పక్షమే. జపాన్ సుప్రీంకోర్టు 2002లోనే పాత గేములు అమ్ముకోవచ్చని తేల్చింది. అమెరికాలో ఒకసారి అమ్మిన వస్తువు మీద అమ్మినవాడి పెత్తనం చెల్లదన్నది 1908 నాటి తీర్పు. అందుకే కంపెనీలు వస్తువు అమ్మడమే మానేసి లైసెన్స్ అమ్మడం మొదలుపెట్టాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, డిజిటల్ గేము అమ్మేటప్పుడు ఇది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పి తీరాలి. చెప్తారు, మనం చదవకుండా నొక్కేస్తాం, అది వేరే సంగతి.

ఇప్పటి ఎత్తు ఏమిటంటే గేమ్ కీ కార్డ్. బాక్సు ఉంటుంది, లోపల కార్డూ ఉంటుంది, కార్డులో గేము మాత్రం ఉండదు. నెట్ పెట్టి మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి, అయినా ఆడిన ప్రతిసారీ కార్డు మెషీన్‌లో ఉండాల్సిందే. డిజిటల్‌లో ఉన్న ఇబ్బందీ, క్యాట్రిడ్జ్‌లో ఉన్న ఇబ్బందీ రెండూ నీకే! కాకపోతే అమ్ముకోవచ్చు, అదొక్కటే ఊరట. నీ లిస్టులో ఉన్న స్ట్రీట్ ఫైటర్ 6 ఇలాంటిదే. సైబర్‌పంక్ 2077 మాత్రం మొత్తం కార్డులోనే ఉంది, అది తెస్తాను. తేడా ఎలా తెలుస్తుందంటే బాక్సు ముందువైపు కింద పట్టీలో రాసి ఉంటుంది. సర్వర్ ఉన్నంతకాలమే ఆ కీ కార్డుకి విలువ. 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణం 2023 మార్చి 27న మూసేశారు, ముందే కొన్నవాళ్లకి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఉంచారు గానీ కొత్తగా కొనడం కుదరదు. ఆ తర్వాత క్యాట్రిడ్జ్‌లు ఉన్నవాడే రాజు.

జెల్డా గేములు రెండూ స్విచ్ 2 ఎడిషన్ అడిగావు చూడు, అక్కడ నాకు కడుపు తరుక్కుపోయింది. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ కొత్త ఎడిషన్ 69.99, టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ 79.99. అదే పాత స్విచ్ క్యాట్రిడ్జ్ సెకండ్ హ్యాండ్‌లో కొని, 9.99 డాలర్ల అప్‌గ్రేడ్ కొనుక్కుంటే వచ్చేది అదే గేము. అప్‌గ్రేడ్ అకౌంట్‌కి అతుక్కుంటుంది, పోనీ, క్యాట్రిడ్జ్ అమ్ముకోవచ్చు. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ పాత క్యాట్రిడ్జ్ నా సొరుగులోనే ఉంది, నీకిచ్చేస్తాను.

తొందరపెట్టే అమ్మకానికి మాత్రం లొంగకు. 2020 సెప్టెంబర్‌లో మారియో 3డీ ఆల్ స్టార్స్ అమ్మకానికి పెట్టి, 2021 మార్చి 31 తర్వాత దొరకదన్నారు. డిజిటల్‌కి కూడా గడువు! అయిపోవడానికి అదేమన్నా సంక్రాంతి అరిసెలా? ప్రీఆర్డర్ బోనస్, మూడు రోజులు ముందు ఆడనిచ్చే డీలక్స్, అన్నీ ఆ జాతివే. ఆ రెండు డీలక్స్‌లూ లిస్టులోంచి కొట్టేశాను.

గేముల సంగతి అలా ఉంటే, మెషీన్ ధర విషయంలో నా పాత సలహా నేనే వెనక్కి తీసుకుంటున్నాను. ఇదివరకు ఆరు నెలలు ఆగు అనేవాణ్ణి. 3డీఎస్ 2011 మార్చిలో 249.99కి వచ్చి, ఆగస్టులో 169.99కి దిగింది, ముందు కొన్నవాళ్లకి ఓదార్పుగా ఇరవై పాత గేములు ఇచ్చారు. ఇప్పుడు కథ తిరగబడింది. 2025 ఆగస్టులో ఇక్కడ పాత స్విచ్ ధరే పెంచారు, ఓఎల్ఈడీ మోడల్ 349.99 నుంచి 399.99కి వెళ్లింది. కాబట్టి మెషీన్‌కి ఆగొద్దు, గేములకే ఆగు.

హైదరాబాద్‌లోనే దొరుకుతుంది కదా అని ఎవరో అన్నారన్నావు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో దొరుకుతుంది నిజమే, కానీ నింటెండో మన దేశంలో నేరుగా స్విచ్ అమ్మదు కాబట్టి అదంతా బయటినుంచి వచ్చిన సరుకు, పాడైతే షాపువాడి మాటే వారంటీ. ఇంకో ముఖ్యమైన సంగతి, జపాన్ నుంచి వచ్చిన చవక స్విచ్ 2 ఎవరైనా చూపిస్తే చెయ్యి పెట్టకు. 2025లో 49,980 యెన్లకి వచ్చిన ఆ మోడల్‌లో జపనీస్ తప్ప వేరే భాష రాదు, అకౌంట్ కూడా జపాన్‌దే పెట్టాలి.

వాడిన మెషీన్ కొంటే అమ్మేవాడి ముందే వైఫై పెట్టి ఈషాప్, అంటే నింటెండో ఆన్‌లైన్ దుకాణం, తెరిచి చూడు. దొంగ కార్డులు వాడిన మెషీన్లని నింటెండో ఆన్‌లైన్‌లోకి రాకుండా ఆపేస్తుంది, అది పెట్టె చూస్తే తెలీదు. స్టిక్కుల్ని వదిలేసి అర నిమిషం చూడు, బొమ్మ దానంతటదే కదిలితే లేచి వచ్చెయ్. క్యాట్రిడ్జ్ కూడా అక్కడికక్కడే పెట్టి ఆడు. జీబీఏ, డీఎస్ అనే పాత నింటెండో చేతి మెషీన్లకి వచ్చిన పోకెమాన్ గేముల్లో నకిలీలు మరీ ఎక్కువ, నేనూ ఒకసారి ఆన్‌లైన్‌లో ఎవడి దగ్గరో పోకెమాన్ ఎమరల్డ్ కొని, నలభై గంటలు ఆడాక సేవ్ మొత్తం పోగొట్టుకున్నాను. పోకెమాన్ హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ క్యాట్రిడ్జ్‌లయితే గట్టి లైటుకి పట్టి చూడు, అసలుదైతే నల్లటి ప్లాస్టిక్ లోంచి ముదురు ఎరుపు కనిపిస్తుంది. స్విచ్ కార్డు మాత్రం నోట్లో పెట్టి పరీక్షించకు, పిల్లలు మింగకుండా దానికి చేదు పూస్తారు, నాకు రెండు గంటలు నోరు చేదుగానే ఉంది. ఎందుకు పెట్టావని అడక్కు.

డిజిటల్ అసలు కొనొద్దని కాదురా. చిన్న టీములు చేసే ఇండీ గేములు డిస్కౌంట్‌లో నాలుగైదు డాలర్లకి వస్తాయి, అవి డిజిటలే కొను, అమ్మితే ఏమొస్తుంది, పైగా డబ్బు చేసినవాడికి చేరుతుంది. నీకు అలాంటివే ఎక్కువ నచ్చుతాయంటే అసలు స్విచ్ ఎందుకు, స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్న పీసీ గేములు ఆడే స్టీమ్ డెక్ లాంటిది తీసుకోవడం గురించి ఆలోచించు. ఆ దుకాణంలో పాతది అమ్మడం అనే మాటే లేదు, కానీ రూపాయల్లో ధరలు, తరచూ పెద్ద తగ్గింపులు, కొన్న పద్నాలుగు రోజుల్లోపు రెండు గంటల కన్నా తక్కువ ఆడితే డబ్బు వాపసు. లెక్క వేరు, అంతే.

లిస్టు నాలుగుకి కుదించి మళ్లీ పంపు, పాతవి ఇక్కడ మార్కెట్‌ప్లేస్‌లో నేను చూసి పెడతాను. చార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుంది, పిన్ను మార్చే కన్వర్టర్ ఒక్కటి చాలు, అది మాత్రం నువ్వే కోఠిలో కొనుక్కో, ఇక్కడ దానికి పది డాలర్లు అడుగుతున్నారు.

మామయ్య